పియేర్‌లో ఇవాళ మంచు

నిన్న మధ్యాహ్నం సింగపూర్‌లో మా ఆఫీసు పక్కన, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో భోజనం చేస్తుంటే నా ఫోను మోగింది. పియేర్‌లో మంచు తుఫాను హెచ్చరిక, మైనస్ ఇరవై ఒకటి, మరీ అవసరమైతే తప్ప బయటికి వెళ్లవద్దని. చేతిలో చెంచా పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి నా ఫోనులోకి తొంగిచూసి, అదెక్కడుందని అడిగింది. అమెరికాలో సౌత్ డకోటా అనే రాష్ట్రానికి రాజధాని అని చెప్పాను. అక్కడెవరున్నారక్కా అంది. తెలిసినవాళ్ల అబ్బాయి ఉన్నాడన్నాను. ఏం చేస్తాడని అడుగుతుందేమోనని భయపడుతూనే ఉన్నాను, అడగనే అడిగింది. చిన్నవాడేలే అని చెప్పి గిన్నె తీసుకుని లేచిపోయాను.

ఆ తెలిసినావిడ చనిపోయి పది నెలలు దాటింది. ఆవిడ పేరు రాయను. ఆవిడని పేరుతో పిలిచినవాళ్లని నేను ఒక్కళ్లని కూడా చూడలేదు. మా బ్లాకులో చైనీసు వాళ్లకీ, మలయ్ వాళ్లకీ, మాకూ, కింద కాఫీ కలిపే ముసలాయనకీ కూడా ఆవిడ ఆంటీయే. తన పేరు మీద ఆవిడకి పట్టింపు లేదు. పట్టింపంతా ఇంకో పేరు మీద ఉండేది.

మేము ఊరికి తూర్పున ఉన్న టాంపినీస్‌లో ఏడో అంతస్తులో ఉంటాం, ఆవిడ తొమ్మిదిలో ఉండేది. మా పాప ఒకటో తరగతిలో చేరిన కొత్తల్లో, లిఫ్టులో దాన్ని తిడుతుంటే వెనకనుంచి, "తెలుగోళ్లా అండీ?" అని వినిపించింది. తిరిగి చూస్తే చీర చీలమండల పైకి కట్టుకుని, కింద బడిపిల్లల్లా తెల్ల కాన్వాసు బూట్లు వేసుకున్న ముసలావిడ. మాది వరంగల్ అన్నాను. మాది యానాం అంది. ఆంధ్రాయే కదా అంటే, కాదు యానాం అని మళ్లీ అంది. మాటల్లో తెలిసింది, భర్త షిప్‌యార్డులో పనిచేసేవాడట, చాలా ఏళ్లు పడమటి చివర బూన్ లే వైపు ఉండి తర్వాత ఇటు వచ్చారట, ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. ఒంటిగంటన్నరకి బడి వదిలితే పాపని ఎవరు చూస్తారా అని నేను నెల రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. లిఫ్టు కిందికి చేరేలోగా ఆ సంగతి తేలిపోయింది. ఆవిడ చూస్తానంది.

ఆవిడ దగ్గర కొన్ని వింతలుండేవి. ముప్పై రెండు డిగ్రీల ఎండలో ఉన్నట్టుండి ఒక ఉన్ని శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చునేది. "ఆంటీ, ఈ ఎండల శాలువా ఏంది?" అంటే, ఇవాళ చలి గట్టిగా ఉందమ్మా అనేది. ఒక్క ఆకు కూడా కదలని రోజున, గాలి మరీ ఎక్కువగా ఉంది, తలుపులు వేసుకున్నారో లేదో అని తనలో తను అనుకునేది. ఎవరు వేసుకోవాలి అని నేను అడగలేదు. వయసు మీదపడితే మనుషులు ఇలాగే మాట్లాడతారనుకున్నాను. అన్నం మెత్తగా వండుతుంది, పాపకి కథలు చెబుతుంది, నాకింకేం కావాలి?

అన్నిటికన్నా పెద్ద వింత మధ్యాహ్నాలది. పొద్దున్న గలగలా మాట్లాడే మనిషి, పన్నెండు దాటితే గొంతు తగ్గించేసేది. టీవీ పెట్టదు, గిన్నెలు చప్పుడు కానివ్వదు. శనివారం మధ్యాహ్నం నేను ఏదైనా పనిమీద పైకి వెళ్లి మామూలుగా మాట్లాడబోతే, వేలు పెదాల మీద పెట్టి, "మెల్లిగా అమ్మా, పిల్లోడు పడుకున్నాడు" అనేది. పక్క ఫ్లాట్‌లో మలయ్ వాళ్లకి చంటిపిల్ల ఉండాలనుకున్నాను. ఏడాది తర్వాత ఆ మలయ్ ఆవిడ లిఫ్టులో కనబడితే, మీ బేబీ ఎలా ఉందని మర్యాదకి అడిగాను. ఆమె నవ్వి, చిన్నవాడికి పద్నాలుగేళ్లు అంది. ఆ తర్వాత కొన్ని రోజులు తొమ్మిదో అంతస్తుకి వెళ్లాలంటే నాకు లోపల గుబులుగా ఉండేది. అయినా పాపని మాన్పించలేదు, మాన్పిస్తే మళ్లీ తల బద్దలు కొట్టుకోవాలి కదా. నా స్వార్థం నాది.

నాకు సర్దే జబ్బు ఉంది. ఉద్యోగం కూడా అదే, ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. పాప రెండో తరగతిలో ఉండగా ఆంటీ ఫోను కిందపడి పగిలిపోయింది. నా పాత ఫోను ఆవిడకిద్దామని ఒక ఆదివారం కూర్చుని అన్నీ ఎక్కించాను. అక్కర్లేనివన్నీ ఏరి పారేశాను. వాతావరణం చూపించే చోట మూడు ఊళ్లున్నాయి. సింగపూర్, యానాం, పియేర్. మొదటి రెండూ సరే, ఈ మూడోది ఏమిటి? నొక్కి చూస్తే అమెరికా మధ్యలో ఎక్కడో ఉంది. చెయ్యి తగిలి వచ్చిపడి ఉంటుందనుకున్నాను. తీసేశాను. తీసేసినట్టు చెప్పను కూడా లేదు, అది చెప్పేంత పని అనిపించలేదు.

మర్నాడు పొద్దున్న ఏడు కాకముందే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఆంటీ. కాళ్లకి బూట్లు లేవు. జుట్టు ముడి వేసుకోలేదు. ఎప్పుడూ ఆవిడని అలా చూడలేదు.

"వాడు లేడమ్మా" అంది.

ఎవరు ఆంటీ, ఏమైందన్నాను. ఫోను నా చేతిలో పెట్టింది.

"నిన్నటిదాకా ఉన్నాడు. నువ్వు చూశాకే లేడు."

కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఓస్ ఇంతేనా, ఒక్క నిమిషంలో పెడతాను, ఆ ఊరు పేరు గుర్తు లేదు, చెప్పండన్నాను. ఆవిడ చెప్పలేదు. పైకి వెళ్లి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం తెచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతే లోపలివైపు తెల్ల కాగితం అంటించి ఉంది. పుట్టుక నమోదు కాగితం. కొంత ఫ్రెంచిలో అచ్చయి ఉంది, ఖాళీల్లో చేత్తో రాసింది. పేరు అన్న చోట ఉన్న అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదవబోయాను. సగంలోనే ఆవిడ అరచెయ్యి నా నోటికి అడ్డంగా వచ్చింది. గట్టిగా నొక్కింది. ఆ చేతికి అంత బలం ఉందని నాకు తెలియదు.

"పైకి అనకు" అంది.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఆఫీసుకి టైమవుతోంది, ఇంకా మొహం కూడా కడుక్కోలేదు. ఆ కోపంతోనే కాగితంలో అక్షరాలు ఫోనులో కొట్టాను. ఊరు వచ్చింది. మైనస్ నాలుగు, పల్చని మబ్బు. ఆవిడ ఫోను లాక్కుని చూసి, "ఉన్నాడు" అని, చెప్పులు పెట్టుకునే అర పక్కన నేలమీద చతికిలబడిపోయింది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆ రోజు ఆఫీసుకి పదకొండు దాటాక వెళ్లాను.

ఆవిడ చెప్పింది ఇది. పెళ్లయిన రెండేళ్లకి తొలి కాన్పుకి యానాంలో పుట్టింటికి వెళ్లింది. మగపిల్లాడు పుట్టాడు. ఆవిడ నాన్న ఫ్రెంచివాళ్ల కాలంలో వాళ్ల కచేరీలో జనన మరణాలు రాసే గుమాస్తా. వాళ్ల పద్ధతిలో బిడ్డ పుట్టిన మూడు రోజుల్లోపల పేరుతో సహా పుస్తకంలోకి ఎక్కాలి. ఆయన జీవితమంతా ఊళ్లో బిడ్డల్ని అలాగే ఎక్కించాడు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయినా ఆయన చేతికి ఆ అలవాటు పోలేదు. మనవడు పుట్టిన మూడో రోజున చొక్కా వేసుకుని వెళ్లి, పాత నేస్తాన్ని పట్టుకుని, తను కుర్రతనంలో కొలిచిన దొర పేరు రాయించుకొచ్చాడు. ఇంట్లో ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో చెబితే గాని పేరు పేరు కాదు. అప్పటిదాకా ఆ పేరు ఎవరూ నోట అనకూడదని వాళ్లమ్మ ఒట్టు పెట్టింది.

పంతొమ్మిదో రోజున పిల్లాడికి జ్వరం వచ్చింది. సాయంత్రానికి పోయాడు. తొందరపడి పేరు పెట్టడం వల్లే పోయాడని ఆ పేరు మీదే నెపం వేశారు. ఏటి ఒడ్డున ఇసకలో పూడ్చి వచ్చారు. అంత పసిబిడ్డకి తద్దినం ఉండదు, పటం ఉండదు. పేరు లేని బిడ్డ గురించి మాట్లాడకూడదని ఆవిడని కూడా మాట్లాడనివ్వలేదు. ఆ నాన్న మాత్రం చనిపోయే ముందు ఆ కాగితం ఈవిడ చేతిలో పెట్టి, నా పుస్తకంలో వాడున్నాడమ్మా అన్నాడట. మళ్లీ ఆవిడకి పిల్లలు కలగలేదు.

"పంతొమ్మిది రోజులూ నాన్నా అన్నాను, బంగారం అన్నాను, చిట్టితండ్రీ అన్నాను. పేరెట్టి మాత్రం పిలవలేదమ్మా. ఇంకా రెండ్రోజులే కదా, ఆనక పిలుద్దామనుకున్నాను."

ఇప్పుడు పిలవొచ్చు కదా అన్నాను. ఆవిడ నావైపు వింతగా చూసింది.

"బారసాల కాలేదు కదా" అంది.

అందరి తప్పులూ పట్టే నాకు అందులో పట్టడానికి తప్పు దొరకలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లకి, మొదటిసారి ఇలాంటి ఫోను చేతికొచ్చినప్పుడు, ఆ కాగితంలో అక్షరాలు దీనికి తెలుస్తాయేమో చూద్దామని ఒక్కొక్కటే నొక్కిందట. ఫోను ఒక ఊరు చూపించింది. దానికి ఎండ ఉంది, వాన ఉంది, పొద్దు ఉంది. పక్కన పెద్ద నది, యానాం లాగే. ఆవిడ అది చెబుతుంటే గొంతులో గర్వం వినిపించింది. "మామూలు ఊరు కాదమ్మా, రాజధాని" అంది. నేను తర్వాత చూశాను, ఆ రాజధాని జనమంతా మా టాంపినీస్‌లో ఒక మూలకి సరిపోతారు. ఆ మాట ఆవిడతో అనలేదు. ఆ ఊళ్లోవాళ్లు తమ ఊరి పేరుని పొట్టిగా, ఒక్క ముక్కలో పలుకుతారని మాత్రం ఎప్పుడో చెప్పాను. ఆవిడ, "ముద్దుగా పిలుచుకుంటారేమోలే" అంది. నది మీద వంతెన దాటితే అవతలి ఒడ్డున గడియారం గంట వెనక్కి ఉంటుందని కూడా ఆవిడకి తెలుసు. అటు వెళ్లకుండా చూసుకోవాలి, ఇంకో గంట చిన్నవాడైపోతాడు అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మనకి మధ్యాహ్నం రెండైతే అక్కడ అర్ధరాత్రి. పిల్లాడు పడుకునే వేళ.

ఇంకో సంగతి రాయాలి, రాయడానికి సిగ్గుగా ఉన్నా. ఇది జరిగిన నెలకో ఏమో, ఒకరోజు పాప ఇంటికొచ్చేసరికి యూనిఫారం జేబులో బియ్యపు గింజలున్నాయి, వేళ్లకి తెల్లగా బియ్యం దుమ్ము. ఏం చేశావంటే ప్లేయింగ్ అంది. నాకు ఎక్కడో కాలింది. పైకి వెళ్లి, "పాపతోని బియ్యం ఏరిపిస్తున్నరా ఆంటీ?" అని అడిగాను. నవ్వుతూనే అడిగాను, కాని ఆ నవ్వులో ఏముందో ఇద్దరికీ తెలుసు. ఆవిడ నొచ్చుకోలేదు. లేదమ్మా, ఊరికే ఆడుకుందని చెప్పి, గిన్నెలో పరమాన్నం పెట్టిచ్చింది. ఇవాళ ఏం పండగ అంటే ఏమీ లేదంది. ఆ రోజు ఆవిడ చీర కొత్తది. అవన్నీ చూస్తూనే ఉన్నాను, ఒకదానికొకటి కలుపుకోలేదు. పరమాన్నం తింటూనే మా ఆయనతో ఆవిడ మీద సణిగాను.

అప్పటినుంచి ఆవిడలో ఒక మార్పు వచ్చింది. మధ్యాహ్నం వెళ్తే, పిల్లాడు పడుకున్నాడు అనేది కాదు. "మెల్లిగా, పియేర్ పడుకున్నాడు" అనేది. పేరు పెట్టి, తేలిగ్గా, పక్కగదిలో ఉన్నవాణ్ని అన్నట్టు. నా నోరు మూసిన మనిషేనా అనిపించింది. బహుశా నాతో చెప్పుకున్నాక మనసు తేలికై ఉంటుందని, ఆ గొప్ప నా ఖాతాలో వేసుకున్నాను.

పాప పెద్దదైపోయింది, తాళం చెవి దాని దగ్గరే ఉంటోంది, తొమ్మిదో అంతస్తుకి వెళ్లడం తగ్గింది. నిరుడు ఆవిడకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పెట్టారు. చూడ్డానికి వెళ్తే ఫోను గుండెల మీద పెట్టుకుని ఉంది. అక్కడ వసంతం వచ్చిందట, మంచు కరుగుతోందట. నా చెయ్యి పట్టుకుంది.

"నేనున్నన్నాళ్లూ చూస్తన్నాను. నా తర్వాత వాణ్నెవరు చూస్తారమ్మా?"

నేను చూస్త ఆంటీ, నువ్వు రంది పెట్టుకోకు అన్నాను. నిజానికి అప్పుడు నా కళ్లు గోడ మీద గడియారం మీద ఉన్నాయి, నాలుగింటికి మీటింగు. ఆవిడ అది గమనించింది. చెయ్యి వదిలేసి, వెళ్లిరా అంది. ఇప్పటికీ నన్ను వదలనిది అదే. ఒక తల్లి తన కొడుకుని నాకు అప్పగిస్తుంటే నేను టైం చూసుకున్నాను.

మూడో రోజున పోయింది. మలేషియాలోని జొహోర్‌నుంచి భర్త తరపు మేనల్లుడొకాయన వచ్చి అన్నీ పద్ధతిగా చేశాడు. తర్వాత వారం ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. ఆ కాగితం గురించి అడిగితే, పాత కాగితాలన్నీ అత్తతో పాటే మంటల్లోకి పంపించేశానన్నాడు. అది ఒకందుకు మంచిదే అనిపించింది. ఫోను మాత్రం ఎవరికైనా పనికొస్తుందని, నా ఎదురుగానే అన్నీ చెరిపేశాడు. తెర నల్లగా అయి, మళ్లీ తెల్లగా వెలిగి, ఏ భాష కావాలని అడిగింది. పియేర్ రెండోసారి కూడా నా కళ్లముందే పోయాడు. ఒక్క నిమిషం ఆగండి అనడానికి నాకు నోరు రాలేదు, అంటే ఏమని చెప్పాలి? కిందికొచ్చి, మా బ్లాకు అడుగున ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో రాతిబల్ల మీద కూర్చుని, నా ఫోనులో సింగపూర్ కింద, వరంగల్ కింద, ఆ ఊరు చేర్చాను. అక్కడ రాత్రి, మబ్బు లేదు. ఏడ్చాను.

అప్పటినుంచి రోజూ చూస్తున్నాను. మొదట్లో మాట ఇచ్చినందుకు చూశాను. ఇప్పుడు చూడకపోతే ఉండలేను. పొద్దున్న టీ పెట్టుకుంటూ చూస్తాను, అక్కడ ముందురోజు పొద్దు వాలుతుంటుంది. గాలి ఎక్కువ ఉన్న రోజు తలుపులు వేసుకున్నారో లేదో అనిపిస్తుంది. ఆ మాట మొదటిసారి నా నోట వచ్చినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను. మా ఆయన పట్టించుకోలేదు, వయసు అనుకుని ఉంటాడు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం రెండు దాటింది. ఆఫీసులో ఏదో ప్రోగ్రాము తగలబడిందని ఫోను వస్తే, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగట్టిగా అరుస్తున్నాను. పాప గదిలోంచి బయటికొచ్చింది. పాప అంటున్నానే గాని పదిహేనేళ్లు దానికి, నాకన్నా పొడుగు. ఇంట్లో, ఇక్కడివాళ్లలా మాట చివర లా తగిలించే ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. వేలు పెదాల మీద పెట్టుకుని, "సాఫ్ట్‌గా లా, అమ్మా. బేబీ స్లీపింగ్" అంది.

ఆ వేలు పెట్టిన తీరు ఆవిడదే. నేను ఫోను కట్ చేశాను.

నీకెలా తెలుసన్నాను. తెలుసు అంది, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు. తర్వాత గోడకి ఆనుకుని నిలబడి, తన ఇంగ్లీషులో, తొందర లేకుండా చెప్పింది. రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆంటీ పెద్ద పళ్లెంలో బియ్యం పోసిందట. తన వేలి ఉంగరం తీసి పాప వేలికి పెట్టి, కాగితం చూపించి, ఆ అక్షరాలు బియ్యంలో రాయమందట. ఉంగరం వదులై జారిపోతుంటే పాప దాన్ని గుప్పిట్లో పట్టుకుని రాసింది. ఆరక్షరాలు, అప్పుడే బడిలో స్పెల్లింగులు నేర్చుకుంటోంది, ఒక్క తప్పు లేకుండా రాశానంది. ఆంటీ ఫోనులో ఆ ఊరు తెరిచి పాప ఒళ్లో పెట్టింది. ఆ పేరు మూడుసార్లు మెల్లిగా చెప్పమంది. పాప ఫోనుకి నోరు ఆనించి చెప్పింది.

"ఆంటీ ఏం చేసింది?" అన్నాను.

ఆంటీ ఫోను తీసుకుని తనూ పిలిచిందట. ఒకేఒక్కసారి. గట్టిగా కూడా కాదట. తర్వాత చాలాసేపు ఏడ్చి, లేచి, ఆ బియ్యంతోనే పరమాన్నం వండిందట.

నాకెందుకు చెప్పలేదే అన్నాను. అది భుజాలు ఎగరేసింది. నువ్వు బియ్యం గురించి కోపంగా ఉన్నావు కదమ్మా అంది.

అంత చిన్నపిల్లతో ఎందుకు రాయించిందో తెలుసా అని అడిగాను. తెలుసంది. పేరు రాయడానికి ఇంట్లోవాళ్లే ఉండాలని ఆంటీ చెప్పిందట, నువ్వు వాడికి అక్కవి అందట. "హి ఈజ్ మై..." అని, ఆ ముక్కకి ఇంగ్లీషు మాట సరిపోలేదేమో, కాస్త తడుముకుని, "తమ్ముడు" అంది.

తన గదిలోకి వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. నా తర్వాత వాణ్నెవరు చూస్తారని ఇక నేను బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఫోను తెరిచాను. మైనస్ ఇరవై ఆరు, మంచు పడుతూనే ఉంది. దగ్గరగా పట్టుకుని, ఆవిడ పిలిచినంత మెల్లగా, పియేర్ అని పిలిచాను. నా నోటికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.